ముక్కులో కబ్జా ఎవరిది?

పెద్దవాళ్లు రోజుకు సుమారు 10,000 లీటర్ల గాలి పీలుస్తారు. బన్సీలాల్‌పేట్‌ లాంటి ఇరుకు బస్తీల్లో ఆ గాలితోపాటు బండ్ల పొగ, రోడ్డు దుమ్ము కూడా లోపలికి పోతాయి. వాటిని ముందుగా అడ్డుకునేది ముక్కు. అక్కడ కొరినీబాక్టీరియం, స్టఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ వంటి బ్యాక్టీరియా ఎప్పుడూ కాపురముంటాయి. ఇవి మామూలుగా మనకు హాని చేయవు. చిక్కంతా వాటి మధ్య చోటు సంపాదించే మిగతావాటితోనే.

10 మందిలో ముగ్గురు

దాదాపు ప్రతి 10 మందిలో ముగ్గురి ముక్కులో స్టఫిలోకాకస్ ఆరియస్ ఉంటుంది. ఉన్నట్టు వాళ్లకే తెలియదు. ఆపరేషన్ జరిగినప్పుడో, ఒంట్లో శక్తి తగ్గినప్పుడో అది రక్తంలోకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. రక్తంలో ఈ ఇన్‌ఫెక్షన్ సోకిన 219 మందిని జర్మనీలో పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 180 మందికి, అంటే 82 శాతం మందికి, రక్తంలో దొరికిన రకమే ముక్కులోనూ ఉంది.

5.9 శాతం, 34.7 శాతం

ఖాళీ జాగా కనబడితే కబ్జా అవుతుందని నగరవాసులకు చెప్పక్కర్లేదు. ముక్కులోనూ అంతే. జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులు ఆసుపత్రిలో చేరిన 187 మంది ముక్కులను పరీక్షించి 2016లో ఒక లెక్క చెప్పారు. స్టఫిలోకాకస్ లుగ్డునెన్సిస్ అనే బ్యాక్టీరియా లేనివారిలో 34.7 శాతం మందికి ఆరియస్ ఉంది. లుగ్డునెన్సిస్ ఉన్నవారిలో 5.9 శాతం మందికే ఆరియస్ ఉంది. కారణం, లుగ్డునెన్సిస్ తనంతట తానే ఆరియస్‌ను చంపే లుగ్డునిన్ అనే యాంటీబయాటిక్‌ను తయారు చేసుకుంటుంది.

ముక్కు నుంచి ఊపిరితిత్తులకు

2020లో కరోనా పరీక్షకు ముక్కులో పుల్ల ఎంత లోతుకు పెట్టారో బన్సీలాల్‌పేట్ పక్కనున్న గాంధీ ఆసుపత్రికి వెళ్లినవారికి గుర్తుండే ఉంటుంది. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ ఉండేది ఆ లోతులోనే. పిల్లల్లో ఎక్కువ. చాలాసార్లు ఏ హానీ చేయకుండా పోతుంది. కొందరిలో చెవికి, సైనస్‌కు, ఊపిరితిత్తులకు పాకుతుంది.

ఇందులో పొగ పాత్ర కూడా ఉండవచ్చు. పొగలోని నల్లటి కార్బన్ రేణువులు తగిలినప్పుడు ఎలుకల ముక్కులోని న్యుమోకాకస్ ఊపిరితిత్తుల దాకా వెళ్లిందని బ్రిటన్‌లోని లెస్టర్ పరిశోధకులు 2017లో చూపారు. మనుషుల్లోనూ అచ్చం అలాగే జరుగుతుందని దీంతోనే తేల్చలేం. అయినా పొగకు దూరంగా ఉండమనడానికి ఇదొక కారణం.

3 డోసులు

న్యుమోకాకల్ టీకా 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు వేస్తారు. టీకా లక్ష్యంగా పెట్టుకున్న రకాలు పిల్లల ముక్కులో నిలవడం తగ్గుతుంది. దాంతో ఇంట్లోని ముసలివాళ్లకు అవి అంటుకునే ముప్పు కూడా తగ్గుతుంది.

ఇక సర్ది చేయగానే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడిగే అలవాటు మానుకోవాలి. మామూలు సర్ది వైరస్‌ల వల్ల వస్తుంది, దానిమీద ఆ మాత్రలు పనిచేయవు. పైగా ముక్కులోని మేలుచేసే బ్యాక్టీరియాను కూడా చంపి, ఆ జాగాను చెడ్డవాటికి వదిలేస్తాయి. జ్వరం తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా డాక్టరుకు చూపించండి. మందు ఆయన రాస్తేనే వాడండి.