నాన్నగారి రైఫిల్ ఇప్పుడు ఎవరి పేరున ఉంది?

బళ్లారి, హోసూరు, బరంపురం వైపు మన పెద్దలు కొందరు పంట కాపలాకని లైసెన్సు మీద చెక్క మడమ రైఫిల్ తీసుకున్నారు. ఎక్కువగా వినబడేది .315. బ్రిటిషు సైన్యపు లీ-ఎన్‌ఫీల్డ్ పోలికలోనే ఇషాపూర్ ఫ్యాక్టరీ దీన్ని చేసింది. సైన్యం వాడిన .303 మామూలు పౌరులకు నిషేధం గనుక కొలత వేరు.

లైసెన్సు మనిషిది, ఇంటిది కాదు. ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. నాన్నగారు పోయాక రైఫిల్‌ను బీరువాలోనే ఉంచుకుంటే అది నేరం. ముందు పోలీసు స్టేషన్లోనో లైసెన్సున్న తుపాకుల దుకాణంలోనో అప్పగించి రసీదు తీసుకోవాలి. తర్వాత వారసుడి పేరున దరఖాస్తు. పెద్దాయనకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్లున్నా, బతికుండగానే మార్పు కోరవచ్చు. అదే మేలు. 2019 సవరణ ప్రకారం వారసత్వంగా వచ్చినవాటితో కలిపి ఒకరికి రెండే.

పాతది కొంటుంటే మెరుగు పెట్టిన చెక్క చూసి మురిసిపోకండి. తుపాకి మీది నంబరు, అమ్మేవారి లైసెన్సులోని నంబరు ఒకటేనా? తూటాలు లేవని చూసుకుని, బోల్టు తీసి, గొట్టాన్ని వెలుగుకి పట్టి చూడండి. లోపల గుంటలుంటే వద్దు.

ఇనుముకి నూనె పలచగా, చెక్కకి అప్పుడప్పుడూ అవిసె నూనె చాలు. వానాకాలం గుడ్డ సంచిలో ఉంచితే చెమ్మ పట్టి తుప్పెక్కుతుంది.

ఇంకొకటి: లైసెన్సు ఒక్క రాష్ట్రానికే ఉంటే, ఆంధ్రాలో చుట్టాల పెళ్లికి దాన్ని వెంట తీసుకెళ్లకూడదు.