ముద్ద తగ్గాలి, పప్పు పెరగాలి

బరువు తగ్గమని డాక్టరు చెబితే మన ఇళ్లలో ముందుగా రాత్రి అన్నం మానేస్తారు. నాలుగు రోజులు గడుస్తాయి. ఆకలి పట్టలేక అయిదో రోజు సాయంత్రం బజ్జీల బండి దగ్గర ఆగుతారు. ఇది మనసు గట్టిగా లేకపోవడం వల్ల జరిగేది కాదు, తగ్గించిన పద్ధతిలోనే లోపం ఉంది.

క్యాలరీ అంటే ఆహారం ఇచ్చే శక్తికి కొలత. గ్రాము పిండిపదార్థం నుంచి 4, గ్రాము ప్రొటీన్ (మాంసకృత్తులు) నుంచి 4, గ్రాము నూనె నుంచి 9 క్యాలరీలు వస్తాయి. ఖర్చయ్యే దానికంటే తక్కువ తింటే శరీరం దాచుకున్న కొవ్వును వాడుకుంటుంది. అయితే ప్రొటీన్ కూడా తగ్గిపోతే కొవ్వుతో పాటు కండ కరుగుతుంది. కండ తగ్గితే శరీరం రోజూ ఖర్చుపెట్టే శక్తీ తగ్గుతుంది. అప్పుడు కాస్త ఎక్కువ తిన్నా బరువు తిరిగి వస్తుంది. కాబట్టి క్యాలరీలు తగ్గాలి, ప్రొటీన్, ఇనుము, కాల్షియం తగ్గకూడదు.

ఈ లెక్క మన ప్రాంతానికి ఇప్పుడే ఎందుకు కావాలి? పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేలో వంగి పనిచేసిన వాళ్లకు రెండు సంగటి ముద్దలు అవసరమే. ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చుని నేసేవారికి చేతులూ కాళ్లూ ఆడతాయి గానీ నడక తక్కువ. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక బస్సెక్కి షిఫ్టుకు వెళ్లే ఉద్యోగాలు పెరిగాయి. హిందూపురంలో దుకాణం నడిపేవారు రోజులో ఎక్కువ సేపు కూర్చునే ఉంటారు. చాలామందికి ఒళ్లు వంచే పని తగ్గింది, ముద్ద మాత్రం పాత కొలతలోనే ఉంది.

ఒక పూట భోజనం చూద్దాం. ఒక్కో ముద్దకు రాగిపిండి, బియ్యం కలిపి వంద గ్రాములు పడతాయనుకుందాం. రెండు ముద్దలకు దాదాపు 660 క్యాలరీలు. ఊరిబిండిలోకి 30 గ్రాముల చెనిక్కాయలు వేస్తే 165. తిరగమోతకు రెండు చెంచాల నూనె 90. మొత్తం 915. ప్రొటీన్ 21 గ్రాముల దాకా వస్తుంది.

ఇప్పుడు ఒకే ముద్ద పెట్టుకోండి. 50 గ్రాముల కందిపప్పో ఉలవలో ఆకుకూరతో ఉడికించుకోండి. చెంచా నూనెతో బీరకాయ కూర, చెంచా ఊరిబిండి, గ్లాసు పల్చటి మజ్జిగ చేర్చండి. అన్నీ కలిపి 660 క్యాలరీలకు మించవు. ప్రొటీన్ మాత్రం 22 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. కడుపు నిండుతుంది, 250 క్యాలరీలు తగ్గుతాయి. వండేది మన పొయ్యి మీదే, మన దినుసులతోనే. ఖరీదైన డైట్ పొడులు కొనాల్సిన అవసరం నాకు కనిపించదు.

రాగి తింటే చాలు, బరువు తగ్గుతుందని ఒక అపోహ ఉంది. రాగిలో క్యాలరీలు బియ్యం కంటే పెద్దగా తక్కువేమీ కావు. దాని బలం వేరే చోట ఉంది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, మంచి పీచు ఉంటాయి. తిండి తగ్గించుకునేవారికి ఇవి చాలా అవసరం. కానీ రాగి కదా అని మూడు ముద్దలు తింటే బరువు తగ్గదు. బెల్లమూ అంతే, చక్కెరకు బదులు వేసినా శక్తి దాదాపు సమానమే.

చెనిక్కాయలు మన నేల పంట, మంచి ఆహారం. అయితే వంద గ్రాముల్లో 550 క్యాలరీల దాకా ఉంటాయి. గుప్పెడు చాలు. ఉగ్గాని నిజానికి తేలికైన టిఫిన్. నానబెట్టిన బొరుగులు, పప్పుల పొడి, ఎర్రగడ్డలు, అంతే కదా! క్యాలరీలు పెరిగేది పక్కన పెట్టే మిరపకాయ బజ్జీల్లో, అవి పీల్చుకునే నూనెలో. నూనె తగ్గిస్తే రుచి పోతుందన్న భయం అక్కర్లేదు. హిందూపురం మార్కెట్ పేరుపొందిందే చింతపండుకు. ఆ పులుపుతో పెట్టిన చారు క్యాలరీలు పెద్దగా లేకుండానే నోటికి రుచినిస్తుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా కంచంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలంటున్నాయి. మన కంచంలో ఆ సగం అన్నంతోనో సంగటితోనో నిండుతోంది.

మరి ఎంత తగ్గించాలి? అమెరికాలో క్యాలరీ అనే పేరుతోనే ఒక అధ్యయనం జరిగింది. 218 మంది ఆరోగ్యవంతులు రెండేళ్ల పాటు 25 శాతం తగ్గించి తినాలనుకున్నారు. నిపుణుల సాయం ఉన్నా సగటున 12 శాతం దగ్గరే ఆగారు. అంత తోడ్పాటు ఉన్నవాళ్లకే అంతవరకే సాధ్యమైనప్పుడు, రోజుకు 300 నుంచి 500 క్యాలరీల తగ్గింపు మనకు చాలు.

గర్భిణులు, బాలింతలు, ఎదిగే పిల్లలు ఈ లెక్కలోకి రారు. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఉన్నట్టుండి తిండి తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వారు ముందు డాక్టరును కలిసి మందు మోతాదు సరిచేయించుకోవాలి, ఆ తర్వాతే ముద్ద తగ్గించాలి.