పేరేమో ‘కె’.. లోపలేమో మాక్స్‌వెల్!

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను సీటీసీ అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్‌లు సెకండ్ హ్యాండ్‌లో దొరికేది అలాంటి చోటే. డెల్ ప్రెసిషన్, హెచ్‌పీ జెడ్‌బుక్, లెనోవో థింక్‌ప్యాడ్.. కొత్తవి లక్షలు పలికే సరుకు. కట్టంగూర్‌లో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే కుర్రాడొకడు, మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు మంచి మెషీన్ కావాలని విజయవాడ హైవే మీద బస్సెక్కి అక్కడికి వెళ్లాడనుకుందాం. బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టారు. ఒకదాంట్లో గ్రాఫిక్స్ కార్డు క్వాడ్రో కె2100ఎం, రెండోదాంట్లో కె2200ఎం. ‘వంద నంబర్ల ఫరక్ తమ్మీ, గంతే’ అంటాడు షాపాయన.

అది వంద నంబర్ల ఫరక్ కాదు, ఒక తరం ఫరక్.

2012లో ఎన్విడియా క్వాడ్రో పేర్లకు ముందు ‘కె’ తగిలించింది. అది కెప్లర్ ఆర్కిటెక్చర్‌కు గుర్తు. 2013లో వచ్చిన కె2100ఎం నిఖార్సైన కెప్లరే. 2014లో వచ్చిన కె2200ఎంకు కూడా అదే ‘కె’ ఉంది గానీ, లోపలున్నది మాక్స్‌వెల్ చిప్. పేరు పాతది, ప్రాణం కొత్తది. కంపెనీ కాగితాల్లో కోర్ల లెక్క, మెమరీ, వాట్లు ఉంటాయి. లోపలి చిప్ సంకేతనామం మాత్రం సాధారణంగా ఉండదు. ఊహాగానాలు పుట్టేది అక్కడే.

ఆ ఊహాగానాలన్నీ గాలి కబుర్లేం కాదు. కొన్నింటి వెనక ఎక్కాల పుస్తకం ఉంది. కెప్లర్‌లో కోర్లు 192 చొప్పున గుంపులుగా ఉంటాయి, మాక్స్‌వెల్‌లో 128 చొప్పున. కె2100ఎంలో 576 కోర్లున్నాయి. అంటే 192 మూళ్లు. 128తో భాగిస్తే సగం మిగులుతుంది. కె2200ఎంలో 640, అంటే 128 ఐదులు, 192తో తెగదు. కోర్ల సంఖ్య ఒక్కటి బయటికొస్తే చాలు, ఆర్కిటెక్చర్ దొరికిపోతుంది. అన్నిసార్లూ ఇంత సులువు కాదు. 384 కోర్లుంటే రెండు ఎక్కాలకూ సరిపోతుంది.

అప్పుడు డ్రైవర్ ఫైళ్లు తిరగేస్తారు. ప్రతి కార్డుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఎన్విడియాది ‘10డీఈ’తో మొదలై, ఆ పక్కన చిప్ సంఖ్య వస్తుంది. ఈ రెండు కార్డుల విషయంలో అది 11తో మొదలైతే కెప్లర్, 13తో మొదలైతే మాక్స్‌వెల్. కార్డు మార్కెట్లోకి రాకముందే డ్రైవర్‌లోకి ఆ అంకె చేరిపోవడం వల్ల చాలా రహస్యాలు ముందే బయటపడ్డాయి. మన కుర్రాడికీ ఇదే దారి. విండోస్ డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ కార్డు ప్రాపర్టీస్ తెరిచి ‘హార్డ్‌వేర్ ఐడీస్’ చూస్తే నిజం తేలిపోతుంది. షాపాయన ఏమీ అనుకోడు, అనుకున్నా ఫర్వాలేదు.

రెండు చిప్‌లూ 28 నానోమీటర్లవే. అయినా తేడా ఎందుకంటే, కెప్లర్‌లో 192 కోర్లకు పని పంచే వ్యవస్థ ఉమ్మడిది. మాక్స్‌వెల్‌లో 128 కోర్లను నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు సొంత మేస్త్రీని పెట్టారు. కోర్లు మూడో వంతు తగ్గినా పని తొంభై శాతం జరుగుతుందని ఎన్విడియా చెప్పుకుంది. ల్యాప్‌టాప్‌లో వేడి, బ్యాటరీ రెండూ సమస్యలే కాబట్టి ఈ పొదుపు డెస్క్‌టాప్‌లో కన్నా ఇక్కడే ఎక్కువ అక్కరకొస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. నల్లగొండ బత్తాయిని సైజుల వారీగా వేరు చేసి, ఒక్కో కుప్పకు ఒక్కో ధర కడతారు. చిప్‌ల సంగతీ అంతే. 2012లో కె3000ఎం, కె4000ఎం, కె5000ఎం అని మూడు ధరల్లో మూడు కార్డులొచ్చాయి. మూడింట్లోనూ ఉన్నది జీకే104 అనే ఒకటే చిప్. 354 కోట్ల ట్రాన్సిస్టర్లు, 1536 కోర్లు. ఒకదాంట్లో 576, మరోదాంట్లో 960, ఇంకోదాంట్లో 1344 కోర్లే పనిచేసేలా ఉంచి, మిగతావి మూసేశారు. పేరు వేరైనంత మాత్రాన చిప్ వేరు కానక్కర్లేదు.

పేరు ఒకటైనా చిప్ ఒకటి కానక్కర్లేదు. ఇది ఇంకా ఘోరం. 2025 మార్చిలో ప్రకటించిన ఆర్‌టీఎక్స్ ప్రో 5000 బ్లాక్‌వెల్‌నే తీసుకోండి. డెస్క్‌టాప్‌లో అది 14,080 కోర్లు, 48 జీబీ మెమరీ. ల్యాప్‌టాప్‌లో అదే పేరుతో 10,496 కోర్లు, 24 జీబీ. చిప్ కూడా చిన్నది. ఆటల కోసం చేసిన జీఫోర్స్ 5090 ల్యాప్‌టాప్ కార్డులోనూ కోర్లు అన్నే, మెమరీ అంతే. వర్క్‌స్టేషన్ కార్డును ఊహించాలంటే ముందు జీఫోర్స్ వైపు చూడాలనేది అందుకే. సిలికాన్ ఒకటే, డ్రైవర్లు, క్యాడ్ సాఫ్ట్‌వేర్ల సర్టిఫికెట్లు వేరు. ఇది మోసం అనను గానీ, డబ్బా మీద చిప్ పేరు అచ్చేస్తే వీళ్ల సొమ్మేం పోయింది?

ఇలాంటి కంపెనీల లోపల కూర్చుని ఈ చిప్‌లు గీసేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన రాజా కోడూరి 2015లో ఏఎండీ రేడియన్ విభాగానికి అధిపతి అయ్యారు, 2017లో ఇంటెల్‌కు మారారు. దర్శకుడు రాజమౌళికి వరుసకు సోదరుడు. ఏఎండీ, ఎన్విడియా రెండింటికీ హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి. కట్టంగూర్‌కు అవి సుమారు వంద కిలోమీటర్లు.

మళ్లీ బల్ల దగ్గరికొస్తే, ఈ జాతకం తెలియకపోవడం వల్ల నష్టం ఎంత? కెప్లర్‌కు 2021లో 470 వరుస డ్రైవర్లతోనే కథ ముగిసింది. మాక్స్‌వెల్ 580 వరుస దాకా నెట్టుకొచ్చింది. దాంతో ఎన్విడియా దానికీ, దాని వెనకొచ్చిన పాస్కల్‌కూ కలిపి సెలవు చెప్పేసింది. కాబట్టి ఇవాళ కొనేవాళ్లు ఆ రెండు ల్యాప్‌టాప్‌లనూ పక్కన పెట్టి, క్వాడ్రో పి2000, టి2000 మధ్య బేరమాడటం మేలు. మొదటిది పాస్కల్, రెండోది 2019 నాటి ట్యూరింగ్. టి2000 తీసుకోవాలి. కాకపోతే దాంట్లోని టీయూ117 చిప్‌లో వీడియో ఎన్‌కోడర్ ఒక్కటీ ట్యూరింగ్‌ది కాదు, అంతకు ముందున్న వోల్టా తరానిది. నాలుగు గంటల పెళ్లిని ఎక్స్‌పోర్ట్ పెట్టేటప్పుడు పని పడేది సరిగ్గా దాంతోనే.