కుట్టు మిషనుకు చేతకాని పని

పాతిక కిలోల బియ్యం బస్తా మూతి మీది కుట్టు ఎప్పుడైనా గమనించారా? సరైన కొస దొరకబుచ్చుకుని లాగితే మూతంతా సర్రున ఊడి వస్తుంది. అదే చొక్కా పక్కకుట్టును పట్టుకుని ఎంత లాగినా దారం తెగుతుందే గాని కుట్టు ఊడదు. రెండూ మిషను కుట్లే. మొదటిది ఒక్క దారంతో అల్లిన గొలుసు కుట్టు, రెండోది రెండు దారాలు పెనవేసుకున్న లాక్ కుట్టు. ఈ రెండో కుట్టు మిషనుకు పట్టుబడడానికి యాభై ఏళ్ళకు పైగానే పట్టింది. అది పట్టుబడ్డాక ప్రపంచమంతటా బట్టలు కుట్టే తీరే మారిపోయింది.

ఉత్తరాంధ్రలోని పరవాడలో ఏ టైలరింగ్ షాపు ముందు కాసేపు నిలబడినా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. బాబిన్, టెన్షన్, ఫుట్, ఇంటర్‌లాక్ ఒక రకం. ఆది, డాట్, క్రాస్, మార్జిన్, లూజు ఇంకో రకం. కొత్తగా కుట్టు నేర్చుకునేవాళ్ళ మీద ఇవన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. కాస్త విడదీసి చూస్తే మొదటి రకం మాటలు మిషనువి, రెండో రకం మనిషివి. మిషను నేర్చుకున్న పని ఏది, ఈనాటికీ దానికి చేతకాని పని ఏది అన్నది తెలిస్తే కుట్టు నేర్చుకోవడమూ తేలికవుతుంది, దాని చరిత్రా అర్థమవుతుంది.

కన్ను కిందికి దిగిన సూది

చేత్తో కుట్టేటప్పుడు సూది మొత్తం గుడ్డలోంచి దూరి అవతలికి పోతుంది. వేళ్ళు దాన్ని వదిలి, అటు వైపు మళ్ళీ పట్టుకుంటాయి. తొలినాటి యంత్రాలు చేసినవాళ్ళలో చాలామంది ఈ కదలికనే ఇనుముతో చేయించాలని చూసి దెబ్బతిన్నారు. 1790లో ఇంగ్లండులో థామస్ సెయింట్ తోలు కుట్టే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. దాని బొమ్మ 1874 దాకా పేటెంటు కాగితాల కట్టల్లోనే మగ్గిపోయింది. ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోనియే అనే దర్జీ 1830లో కొక్కెం సూదితో గొలుసు కుట్టు వేసే యంత్రానికి పేటెంటు పొందాడు. పారిస్‌లో సుమారు 80 మిషన్లు పెట్టి సైనికుల దుస్తులు కుట్టించాడు. తమ పొట్ట కొడుతున్నాడని అక్కడి దర్జీలు 1831లో ఆ కర్మాగారం మీద పడి మిషన్లను ధ్వంసం చేశారు. తిమోనియే 1857లో పేదరికంలోనే కన్నుమూశాడు.

దారి చూపిన ఆలోచన అమెరికాలో 1834 ప్రాంతంలో వాల్టర్ హంట్‌కు వచ్చింది. సూదిని గుడ్డ దాటించకుండా, కన్నును మొన దగ్గరికి దించి, గుడ్డ కింద రెండో దారాన్ని సిద్ధంగా ఉంచాడు. చేతిని అనుకరించడం మానేశాక గాని మిషనుకు కుట్టు రాలేదన్నమాట. హంట్ పేటెంటు తీసుకోలేదు. అదే పద్ధతిలో సొంతంగా యంత్రం చేసిన ఎలియాస్ హౌ 1846 సెప్టెంబరు 10న పేటెంటు పొందాడు. అంతకు ముందు ఏడాది బోస్టన్‌లో జరిగిన పోటీలో అతని మిషను నిమిషానికి 250 కుట్లు వేసి, ఐదుగురు కుట్టుపని ఆడవాళ్ళను ఓడించింది.

ఆ రెండో దారం చుట్టుకునే చిన్న చక్రమే బాబిన్. అది కూర్చునే లోహపు డబ్బీ బాబిన్ కేసు. సూది పూర్తిగా దిగి, పైకి లేవబోయే క్షణంలో దారం గుడ్డ రాపిడికి వెనకబడి, కన్ను పక్కన చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. కిందనున్న షటిల్ కొక్కెం ఆ ఉచ్చును అందుకుని బాబిన్ చుట్టూ దాటిస్తుంది. పై లివరు దారాన్ని లాగి బిగిస్తుంది. సూదికి ఒక వైపు పొడుగునా ఉండే గాడిలో దారం ఒదిగి దిగుతుంది. ఉచ్చు ఉబ్బేది రెండో వైపు. అందుకే సూది తిరగబడితే కొక్కేనికి ఉచ్చు అందదు, మిషను కుట్లు దాటేస్తుంది. అంతదాకా బాగానే నడిచిన మిషను సూది మార్చాక మొరాయిస్తే మెకానిక్కును పిలిచే ముందు చూడాల్సింది ఇదే.

టెన్షన్ అంటే దారం బిగువు. పై దారం, కింది దారం సరిసమానంగా లాగితే వాటి ముడి గుడ్డ మందంలో దాక్కుంటుంది. పై బిగువు ఎక్కువైతే కింది దారం పైకి కనిపిస్తుంది. గుడ్డ అడుగున దారం గుత్తులు గుత్తులుగా వస్తుంటే అందరూ బాబిన్‌ను అనుమానిస్తారు గాని, తప్పు ఎక్కువగా పై దారం ఎక్కించడంలోనే ఉంటుంది. సూది నంబర్లూ అంతే తేలిక. 11 నంబరు మందం 0.75 మిల్లీమీటర్లు, 14 అయితే 0.9, 18 అయితే 1.1. పల్చని జార్జెట్‌కు 11, మామూలు నూలు గుడ్డకు 14, జీన్స్‌కు 16 గాని 18 గాని.

గుడ్డను నడిపించేదెవరు?

హౌ మిషనుకు కుట్టు వచ్చింది గాని గుడ్డ పట్టుకోవడం రాలేదు. గుడ్డను నిలువుగా ఒక లోహపు పట్టీకి ముళ్ళతో గుచ్చి వేలాడదీయాలి. పట్టీ చివరికి రాగానే ఆపి, తీసి, మళ్ళీ గుచ్చాలి. అదీ తిన్నటి గీత వెంటే. చంక వంపు, మెడ వంపు కుట్టే మాటే లేదు.

ఈ చిక్కును ఇద్దరు విప్పారు. ఐజాక్ సింగర్ 1850లో బోస్టన్‌లో ఒక వర్క్‌షాపుకు మరమ్మతుకు వచ్చిన మిషనును చూసి, దాన్ని సరిచేసే బదులు కొత్తది తయారుచేశాడు. గుడ్డను బల్ల మీద పరిచాడు, సూదిని నిలువుగా దింపాడు, గుడ్డ లేవకుండా అదిమి పట్టే ఫుట్ పెట్టాడు. 1851 ఆగస్టు 12న పేటెంటు వచ్చింది. ఫుట్ కింద రంపపు పళ్ళలా కనిపించే ముక్క ఆలెన్ విల్సన్ పుణ్యం. అది పైకి లేస్తుంది, గుడ్డను ఒక్క కుట్టు మేర ముందుకు తోస్తుంది, కిందికి దిగుతుంది, వెనక్కి వెళుతుంది. సూది గుడ్డలో ఉన్నంతసేపు గుడ్డ కదలదు. ఈ నాలుగు కదలికల పద్ధతికి 1854లో పేటెంటు దక్కింది. కొత్తవాళ్ళు గుడ్డను చేత్తో లాగి సూదులు విరగ్గొట్టుకునేది ఈ సంగతి తెలియకనే. గుడ్డను నడిపించే పని పళ్ళది, దారి చూపించే పని మాత్రమే చేతిది.

వీలర్ అండ్ విల్సన్ కంపెనీ 1860ల ప్రాంతంలో ఒక లెక్క ప్రకటించింది. మగవాళ్ళ చొక్కా చేత్తో కుడితే 14 గంటల 26 నిమిషాలట, మిషను మీద 1 గంట 16 నిమిషాలట. అమ్ముకునేవాళ్ళ లెక్క కదా, కొంత తగ్గించుకుని చదివినా తేడా చిన్నది కాదు. అయితే ఒక్కో భాగం మీద ఒక్కొక్కరికి పేటెంటు ఉండడంతో అందరూ కోర్టుల పాలయ్యారు. చివరికి 1856లో హౌ, సింగర్, మరో రెండు కంపెనీలు పేటెంట్లన్నీ ఒక్కచోట కలుపుకుని రాజీపడ్డాయి. ఆ ఏడాదే సింగర్ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ కొంత ముందు కట్టి మిగతాది వాయిదాల్లో తీర్చే పద్ధతి మొదలుపెట్టాడు. మామూలు ఇంట్లోకి మిషను అడుగుపెట్టింది ఆ వాయిదాల దారినే.

యంత్రాలంటే అంతగా గిట్టని గాంధీ కూడా 1924లో రామచంద్రన్ అనే విద్యార్థితో మాట్లాడుతూ సింగర్ మిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య పడే కుట్టు కష్టం చూడలేక సింగర్ దాన్ని కనిపెట్టాడని ఆయన నమ్మకం. అసలు సింగర్ పలు కాపురాలు పెట్టిన మనిషి, మిషను చేసింది డబ్బు కోసం. మినహాయింపు మాత్రం సరైనదే. మిషను యజమానిని ఇంట్లోంచి కదిలించకుండా సంపాదన ఇచ్చింది. 1936లో కలకత్తాలోని జే ఇంజనీరింగ్ వర్క్స్ ఉషా మిషను తెచ్చాక, నల్లటి కాలు మిషను మన పల్లెటూళ్ళకూ చేరింది. ‘మిషను కుట్టుకుని పిల్లల్ని చదివించింది’ అన్న మాట వినని ఊరు ఉత్తరాంధ్రలో ఉండదు.

బల్లపరుపు గుడ్డ, గుండ్రటి మనిషి

ఇక్కడి నుంచి మనిషి మాటలు. గుడ్డ బల్లపరుపుగా ఉంటుంది, ఒంటికి వంపులుంటాయి. ఆ రెంటినీ కలపడమే కటింగ్.

ఒక చేతిరుమాలు తీసుకోండి. ఎదురెదురు అంచులు పట్టుకుని లాగండి, సాగదు. ఎదురెదురు మూలలు పట్టుకుని లాగండి, సాగుతుంది. అంచుల వెంట లాగితే పడుగు పోగులో పేక పోగులో తామే సాగాలి. మూలల వెంట లాగితే పోగులు సాగనక్కర్లేదు, వాటి మధ్య కోణం మారితే చాలు. ఆ మూలవాటునే టైలర్లు క్రాస్ అంటారు, 45 డిగ్రీలన్నమాట. 1920ల్లో పారిస్‌లో మడలీన్ వియోనే క్రాస్ కటింగుతోనే పేరు తెచ్చుకుంది. మన ఆడవాళ్ళు ‘క్రాస్ కట్ జాకెట్టు’ అని అడిగి మరీ కుట్టించుకునేదీ అది ఒంటిని పట్టి ఉంటుందనే. మెడకు వేసే పైపింగు పట్టీ కూడా క్రాస్‌గానే కత్తిరించాలి. నిలువుగా కత్తిరిస్తే వంపు దగ్గర ముడతలు పడుతుంది.

డాట్ ఇంకో ఉపాయం. గుండ్రటి కాగితంలోంచి ఒక ముక్కోణం తీసేసి అంచులు కలిపితే కాగితం శంకువులా లేస్తుంది. జాకెట్టు డాట్ చేసేదీ అదే, కాకపోతే గుడ్డను కత్తిరించకుండా మడిచి కుడతారు. డాట్ మొన ఛాతీ మీద సరైన చోట ఆగకపోతే జాకెట్టు ఎంత బాగా కుట్టినా సరిగ్గా కూర్చోదు.

మిగతావి కొలతల మాటలు. ఆది జాకెట్టు అంటే ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు, దాని కొలతలతోనే కొత్తది కత్తిరిస్తారు. ఛాతీ 36 అంగుళాలైతే నాలుగో వంతు 9. దానికి పక్కన ఒకటిన్నర, రెండు అంగుళాలు మార్జిన్ కలుపుతారు. మార్జిన్ కుట్టు కోసం, రేపు ఒళ్ళు వస్తే విప్పుకోవడం కోసం. లూజు వేరు. అది ఊపిరి పీల్చడానికి, చెయ్యి ఎత్తడానికి ఒంటికీ గుడ్డకీ మధ్య వదిలే జాగా. మార్జిన్ లోపల దాక్కుంటుంది, లూజు బయటికి కనిపిస్తుంది. కచ్చా కుట్లు అసలు కుట్టుకు ముందు చేత్తో వదులుగా వేసేవి, తర్వాత లాగేస్తారు. లైనింగు గుడ్డను కత్తిరించే ముందు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే అది ముడుచుకుపోయి, పై గుడ్డ ఉబ్బిపోతుంది.

ఒక్క సూదికి ఒక్క మనిషి

పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి. అంతటి యూనిట్‌ను కంట్రోల్ రూములో కూర్చున్న కొద్దిమంది నడిపిస్తారు. ఇటు అచ్యుతాపురంలో శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థ 1000 ఎకరాల్లో దుస్తుల నగరం పెట్టింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వేలమంది ఆడవాళ్ళు అక్కడికి పనికి వెళతారు. ఈ తరహా ఫ్యాక్టరీల్లో పవర్ మిషన్లు నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేస్తాయి. రాపిడికి సూది వేడెక్కి పాలిస్టర్ దారం లాంటి కృత్రిమ దారాలను కరిగించేంత వేగం అది. గుడ్డ అంచును కత్తిరిస్తూనే దారాలతో చుట్టేసే ఇంటర్‌లాక్ మిషను ఉంటుంది, కాజాలకు ఒకటి, గుండీలకు ఒకటి విడివిడిగా ఉంటాయి. లైనులో ఒకరు కాలరు మాత్రమే కుడతారు, పక్కవారు చేతులు మాత్రమే కలుపుతారు. ఇంత వేగం వచ్చినా ప్రతి మిషను ముందూ ఒక మనిషి కూర్చోవాల్సిందే.

కారణం గుడ్డ మెత్తదనం. ఇనుప రేకును రోబో పట్టుకుంటే అది ఉన్నచోటే, ఉన్న ఆకారంలోనే ఉంటుంది. గుడ్డ జారుతుంది, ముడుచుకుంటుంది, ఎత్తిన ప్రతిసారీ కొత్త ఆకారం తీసుకుంటుంది. రెండు పొరలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి ఉన్నాయో లేదో వేళ్ళకు తెలిసినంత బాగా యంత్రానికి తెలియదు. 2016లో అమెరికాలో సీబో అనే ప్రయత్నంలో నీళ్ళలో కరిగే ప్లాస్టిక్ పదార్థంతో గుడ్డను అట్టలా బిగిసేలా చేశారు, రోబో చేత టీషర్టు కుట్టించారు, తర్వాత ఉతికి ఆ పదార్థాన్ని వదిలించారు. మన గంజి పెట్టడం లాంటిదే. గుడ్డను గుడ్డగా ఉండనిచ్చి కుట్టించడం కుదరకే ఇంత తిప్పలు. బల్లపరుపుగా ఉండే సాదా వస్తువులకు యంత్రాలు వచ్చినా, జాకెట్టు చంకభాగం కలపడం ఇప్పటికీ మనిషి వేళ్ళ పనే.

ప్రభుత్వాలు మారినా ఆడవాళ్ళకు కుట్టు మిషన్లు పంచే పథకాలు ఆగవు. మిషను ఇవ్వడం మంచిదే గాని, 1850ల తర్వాత తిన్నటి కుట్టు వేయడానికి అంతగా విలువ లేదు. మిషను మీద కూర్చున్న ఎవరైనా కొద్ది వారాల్లో అది నేర్చుకుంటారు. టైలరింగ్ షాపుల్లో కుట్టేవాళ్ళకు ముక్కకు ఇంతని ముడుతుంది, కటింగ్ మాస్టరు మాట మాత్రం వేరు. శిక్షణ కేంద్రాల్లో కాలు మిషను తొక్కడానికి ఇచ్చినంత సమయం పాత చీరల మీద కత్తెర ఆడించడానికీ ఇవ్వాలి. క్రాస్ ఎటు పడుతోంది, డాట్ ఎక్కడ ఆగాలి, మార్జిన్ ఎంత వదలాలి అన్నవి చేతికి వచ్చిన మనిషికి రేపు ఏ కొత్త మిషను వచ్చినా పని పోదు.