బండి ‘నువ్వెవరు?’ అని అడిగితే...

దొంగల భయంతో ఇంటికి తాళం వేసుకుంటాం. ఆ తాళమే మొరాయించి మనల్ని బయట నిలబెడితే పక్కింటి అరుగు మీద కూర్చుంటాం. మరి రాత్రి తొమ్మిదింటికి ఊరి చివర బండి మొరాయిస్తే ఎక్కడ కూర్చుంటాం?

మన దేశంలో 1984లో కైనెటిక్ హోండా వచ్చినప్పుడు బటన్ నొక్కితే కదిలే బండి చూసి ఆడవాళ్ళు ఎంత సంబరపడ్డారో! కిక్కు కొట్టమని ఎవర్నీ బతిమాలక్కర్లేదు కదా. ఇప్పుడు బండ్లు ఇంకా తెలివి మీరాయి. 2023 జనవరిలో యాక్టివాలో వచ్చిన హెచ్-స్మార్ట్ రకానికైతే తాళంచెవి చేతిలో పట్టుకునే పని కూడా లేదు, సంచిలో ఉంటే చాలు. బండి మనల్ని గుర్తుపడుతుంది. గుర్తుపట్టకపోతేనే వస్తుంది తంటా!

ఆ గుర్తుపట్టే ఏర్పాటునే ఇమ్మొబిలైజర్ అంటారు. పేరు నోరు తిరగదు గానీ పని తేలికే. తాళంచెవి ప్లాస్టిక్ పిడిలో చిన్న చిప్పు ఉంటుంది. దానికి సొంత బ్యాటరీ ఉండదు. తాళం పెట్టే రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట దానికి కాస్త శక్తినిస్తుంది. అప్పుడది తన గుర్తు నంబరు చెబుతుంది. బండిలోని ఎలక్ట్రానిక్ పెట్టె ఆ నంబరును సరిచూసుకుని, మనవాళ్ళే అనుకుంటేనే ఇంజను నడవనిస్తుంది. సంచిలో ఉంటే చాలనే స్మార్ట్ తాళాలకు మాత్రం గుండీ బిళ్ళలాంటి బ్యాటరీ ఉంటుంది.

అలారం సంగతి వేరు. చాలామంది దాన్ని బజారులో విడిగా కొని బిగించుకుంటారు. ఒక సైరను, ఒక రిమోటు, బండి కదిలితే పసిగట్టే సెన్సరు. కొన్నిటిలో ఇంజనుకు వెళ్ళే కరెంటును ఆపేసే మీట కూడా లోపలే ఉంటుంది.

మా పక్కింటమ్మాయి నర్సు. వీధిలో ఒక బండి పోయిందని వాళ్ళన్నయ్య ఆమె స్కూటరుకి ఇలాంటి అలారమే పెట్టించాడు. ఒకరోజు రాత్రి డ్యూటీ దిగి బండి తీయబోతే సైరను కుయ్యోమంది. రిమోటు ఎంత నొక్కినా ఆగలేదు. అటుగా పోతున్న ఇద్దరు ఆగి, “ఎవరిదమ్మా ఈ బండి? నీదేనా?” అని అడిగారట. సొంత బండి దగ్గర దొంగలా నిలబడ్డం ఎలా ఉంటుందో ఆలోచించండి. భర్తకి ఫోను చేస్తే ఆయన ఆటోలో వచ్చి, జేబులోంచి రెండో రిమోటు తీసి నొక్కాడు. అంతే, సైరను నోరు మూసింది, బండి స్టార్టయింది. మొదటి రిమోటులో బ్యాటరీ అయిపోయింది, అదీ జబ్బు!

“రెండో రిమోటు ఒకటుందని నాకు అప్పటిదాకా తెలీదు పిన్నీ. ఆయన బీరువాలో ఉందట,” అందా అమ్మాయి. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. బండి ఆమె పేరు మీదే ఉంది. వాయిదాలు ఆమె జీతంలోంచే పోతున్నాయి. కానీ సగం తాళం ఇంకొకరి బీరువాలో ఉంది. ఆయన మంచివాడే, దాచాలని దాచలేదు. ఆమెకి చెప్పాలని తోచలేదు, అంతే.

ఆ తర్వాత మా వీధి మెకానిక్‌ని కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగాను. ఆయన చెప్పినవీ, బండితో వచ్చే పుస్తకంలో ఉన్నవీ కలిపి చెబుతున్నాను.

ముందు తేలికవి చూడండి

బండి కదలకపోతే నేరం ఇమ్మొబిలైజరు మీదే వేయకండి. కుడిచేతి దగ్గర ఇంజను ఆపే ఎర్ర స్విచ్చు ఉంటే అది ఆఫ్‌లో ఉందేమో చూడండి. సైడు స్టాండు వేసి ఉంటే చాలా బండ్లు స్టార్టు కావు. సెల్ఫ్ నొక్కేటప్పుడు బ్రేకు పట్టుకున్నారా? పెట్రోలుందా?

దీపం ఏమంటోంది?

తాళం తిప్పగానే మీటరు మీద దీపాలు మసకగా ఉండి, సెల్ఫ్ నొక్కితే ‘టక్ టక్’ మంటే బండి బ్యాటరీ నీరసించిందని అర్థం. బ్యాటరీ బలం తగ్గితే కొన్ని అలారాలు వాటంతటవే మోగుతాయి కూడా. బండి వారాల తరబడి కదలకుండా ఉంటే అలారమే కొంచెం కొంచెంగా బ్యాటరీని తాగేస్తుంది.

బ్యాటరీ బాగానే ఉండి, తాళం బొమ్మ దీపం ఆరకుండా వెలుగుతున్నా, మిణుకుమిణుకుమంటున్నా తాళాన్ని బండి గుర్తుపట్టలేదన్నమాట. గుత్తిలో చిప్పున్న వేరే తాళాలుంటే తీసేయండి. సెల్‌ఫోను దూరం పెట్టండి. తాళం ఆఫ్ చేసి, కాసేపాగి మళ్ళీ తిప్పండి. కాకపోతే రెండో తాళంతో చూడండి. రెండోది పనిచేస్తే లోపం మొదటి తాళంలో ఉంది. రెండూ పనిచేయకపోతే లోపం బండిలో ఉంది, సర్వీసు సెంటరుకు వెళ్ళాల్సిందే.

స్మార్ట్ తాళమైతే ముందు దాని బిళ్ళ బ్యాటరీ మార్చి చూడండి. బ్యాటరీ అయిపోయినప్పుడు ఏం చేయాలో పుస్తకంలో రాసే ఉంటుంది. బండి కొన్న రోజే ఆ పేజీ చదివి పెట్టుకోవాలి. అవసరానికి వాడుకునే నంబరు బిళ్ళేదైనా ఇస్తే దాన్ని బండి డిక్కీలో మాత్రం పెట్టకండి!

ఇవి వద్దు

మూల మీద కొట్టులో చేయించిన మామూలు మారుతాళం రంధ్రంలో చక్కగా తిరుగుతుంది, హ్యాండిల్ లాకూ తీస్తుంది. కానీ అందులో చిప్పు ఉండదు కనక ఇంజను కదలదు. దాన్ని నమ్ముకుని ఊరు వెళ్ళకండి. బండి కడిగేటప్పుడు తాళం రంధ్రంలోకి నీళ్ళు జోరుగా కొట్టనివ్వకండి. దారిలో ఎవరైనా “వైరు కోసేస్తే పోద్ది మేడమ్” అంటే ఒప్పుకోకండి. ఏ వైరు ఎటు పోతుందో తెలియకుండా కోస్తే పది నిమిషాల పని పది రోజులవుతుంది. బజారు అలారం మరీ విసిగిస్తే బిగించినవాళ్ళ చేతే తీయించేయండి.

పాత బండి కొనేటప్పుడు రెండు తాళాలూ అడిగి తీసుకోండి. ఉన్న తాళాలన్నీ పోతే కొత్తవి బండికి పరిచయం చేయించడం ఖర్చుతో కూడిన పని. ఇంకో మాట, బండి దొంగతనమైతే బీమావాళ్ళు మామూలుగా రెండు తాళాలూ చూపించమంటారు.

ఇందులో ఏదీ బ్రహ్మవిద్య కాదు. కుక్కరు విజిలు రాకపోతే గాస్కెట్టు చూస్తాం, మిక్సీ తిరక్కపోతే కింద ఎర్ర బటన్ నొక్కుతాం. అవన్నీ మనకెవరు నేర్పారు? బండి దగ్గరకొచ్చేసరికి మాత్రం ‘ఆయన చూసుకుంటారు’ అని పక్కకి జరుగుతాం. ఆయన ఊళ్ళో లేని రోజే అది మొరాయిస్తుంది మరి!

ఈ ఆదివారం ఒక పని చేద్దామా? బండి రెండో తాళం ఎక్కడుందో కనుక్కుని, దాంతో ఒకసారి స్టార్టు చేసి చూడండి. ఆ తర్వాత అది మీ చేతికి అందేచోట పెట్టుకోండి. పోపులడబ్బాలో పెట్టినా ఫర్వాలేదు, మీకు తెలిస్తే చాలు.