ఉపాధ్యాయునికి బడి విడుచు వేళ ఎప్పుడు?

మా స్టూడియో ద్వారముపై ఒక ఎర్రదీపము ఉండును. అది వెలుగుచున్నంతసేపు మా గొంతు శ్రోతలది. ఆరిన వెనుక మరల మాది. మాటయే జీవనాధారముగా గలవారికి ఆ చిన్న దీపము చేయు మేలు ఎంతటిదో మేము చాలకాలము ఎరుగము. ఒకనాడు ప్రసంగము చదువుటకు వచ్చిన ఉపాధ్యాయ మిత్రులొకరు దానిని మాకు తెలియజేసిరి. పది నిమిషముల ప్రసంగములో మూడవ నిమిషముననే వారి గొంతు బొంగురుపోయి ఆగినది. మంచినీరిచ్చి కారణమడిగితిమి. ఉదయమునుండి ఆరు తరగతులు చెప్పి వచ్చితిననిరి. ఇక ఇంటికి పోయి విశ్రమింతురు గదా అంటిమి. వారు నవ్వి, కాళ్లచెంత నున్న సంచిని చూపిరి. అది దిద్దవలసిన పరీక్షపత్రములతో నిండియున్నది. వారి దినమున ఎర్రదీపము ఆరు ఘడియయే లేదు.

నూనె ఉన్నంతవరకు దీపమున కాలునది నూనె. అది తరిగిన పిమ్మట కాలునది వత్తి. పని మిక్కుటమై, పోయిన శక్తిని కూడగట్టుకొను అవకాశము లేక, మనిషి లోలోపల మాడిపోవు స్థితిని ఆంగ్లమున ‘బర్నౌట్’ అందురు. 1974లో న్యూయార్కులోని హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఉచిత వైద్యశాలలో సేవాభావముతో పనిచేయువారియందు దీనిని గమనించి ఒక వ్యాసము ప్రకటించెను. ఇందులో మనము గుర్తింపవలసిన సంగతి ఒకటి కలదు. ఆ స్థితికి లోనైనవారు సోమరులు కారు. పనిని మనసార ప్రేమించినవారు.

తరువాత క్రిస్టినా మాస్లాక్ అను విదుషి దీని లక్షణములను మూడుగా విభజించినది. మొదటిది, నిద్రించి లేచినను తీరని అలసట. రెండవది, ఎవరికొరకు పనిచేయుచున్నామో వారియెడనే విముఖత. మూడవది, ఎంత చేసినను ఫలమేమి అను నిస్పృహ. ఉపాధ్యాయుని విషయమున రెండవ లక్షణమే మిక్కిలి ఆలోచింపదగినది. అలసిన గుమాస్తా విసుగుకొన్నచో కాగితములు నొచ్చుకొనవు. అలసిన గురువు విసుగుకొన్నచో పిల్లవాడు మరల ప్రశ్న అడుగడు. కావున గురువు తన్ను తాను కాపాడుకొనుట స్వార్థము కాదు. అది విద్యార్థికి చేయు మేలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వర్గీకరణములో ఈ స్థితిని వ్యాధిగా చెప్పలేదు. వృత్తికి సంబంధించిన పరిణామముగా పేర్కొన్నది. అనగా దీని మూలము మనిషి బలహీనతయందు గాక, పని నడచు తీరునందు వెదకవలెను. మన దేశమున 2009 నాటి విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయునికి వారమునకు కనీసము 45 గంటల పనిని నిర్ణయించినది. పాఠము సిద్ధపరచుకొను కాలము గూడ ఆ 45 గంటలలోనే చేరును. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయము తప్ప చదువుకు సంబంధింపని ఇతర పనులకు ఉపాధ్యాయులను నియోగింపరాదని గూడ ఆ చట్టము చెప్పుచున్నది. పాఠము సిద్ధపరచుకొనుట చట్టము దృష్టిలో పనియే అయినప్పుడు, దానిని ప్రతిదినము నిద్రవేళనుండి దొంగిలింపనేల?

ఇక ఉపాధ్యాయులు తమంత తాము చేసికొనదగినవి కొన్ని చెప్పుదుము. మొదట గొంతు. మనము మాటలాడునప్పుడు స్వరతంత్రులు సెకనునకు నూరుసార్లకు మించి కంపించును. అల్లరిని మించి అరచినకొలది అవి ఒరసికొని వాచును. కావున తరగతి సద్దుమణుగుటకు చప్పట్లో, బల్లపై తట్టుటయో అలవాటు చేసికొనుడు. నిశ్శబ్దమైన పిమ్మటనే మాటలాడుడు. నడుమ నడుమ గుక్కెడు నీరు త్రాగుడు. మాటిమాటికి గొంతు సవరించుకొనుట మానుడు. నల్లబల్లను తడిగుడ్డతో తుడిచినచో సుద్దపొడి ఎగయదు. బొంగురు మూడు వారములకు మించినచో వైద్యునికి చూపుకొనుడు.

రెండవది, దినమునకు ఒక ముగింపు. సాయంకాలము ఒక వేళను నిర్ణయించుకొని, అటుపిమ్మట నోటుపుస్తకములను, ఫోనులోని బడి సందేశములను తాకకుండుడు. ప్రతి పుస్తకమున ప్రతి తప్పును దిద్దనక్కరలేదు. ఒకనాడు గుణింతములు, ఒకనాడు వాక్యనిర్మాణము చూచినచో పని తగ్గును, పిల్లవానికిని తన తప్పు స్పష్టమగును. మూడవది, తోడు. కొరకరాని తరగతిని గూర్చి తోటి ఉపాధ్యాయునితో మనసు విప్పి చెప్పుకొనుడు. తన యొక్కనికే ఇట్లు జరుగుచున్నదను భ్రమ తొలగుటయే సగము ఊరట.

ఇంటివారికి గూడ ఒక మనవి. ఉపాధ్యాయిని బడినుండి వచ్చినంతనే వంటయిల్లు రెండవ బడి యగుట మనకు క్రొత్త గాదు. వచ్చిన వెంటనే ఏమియు అడుగక ఒక అరగంట ఆమెను ఊరక కూర్చుండనిండు. దినమంతయు మాటలాడినవారికి మౌనమే మందు. ఆనాటి కూరలు మరియొకరు తరిగినచో వంట చెడదు.

ఇన్నియు చేసినను నిద్రపట్టక, దేనియందును మనసు నిలువక, బ్రతుకుపై విరక్తి కలుగుచున్నచో దానిని ఓర్పుతో భరింపరాదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యకు రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును. జ్వరము వచ్చినప్పుడు వైద్యుని అడుగుటకు సిగ్గుపడము, ఇందును సిగ్గుపడనక్కరలేదు.

మా మిత్రులు ఆనాడు నీరు త్రాగి, కొంతసేపు ఊరకుండి, ప్రసంగమును మొదటినుండి చదివి ముగించిరి. ఎర్రదీపము ఆరినది. వారు లేచి సంచి అందుకొనబోగా, ఇంకొక పావుగంట కూర్చుండుడని మేమే పట్టుబట్టితిమి. కూర్చుండిరి. పరీక్షపత్రములు ఎక్కడికిని పోలేదు.