కెమెరాకు కూడు పెట్టినావా నాయనా? పొలంలో బ్యాటరీ ఎందుకు తొందరగా దిగిపోతుంది, ఎలా పట్టుకోవాలి



ఈసారి జీవామృతం గురించి కాదు, నీమాస్త్రం గురించీ కాదు. మన పొలం వీడియోలు తీసే కెమెరా గురించి, అందులోనూ దాని బ్యాటరీ గురించి. ‘ఇది రైతుకు ఎందుకప్పా?’ అనుకోవద్దు. ఎందుకో ముందు చెబుతాను.

రెండేళ్ల కింద పెనుకొండ దగ్గర ఒక పల్లెకు పోయినాను. అక్కడ ఒక అవ్వ ఉంది. కొర్ర, రాగి విత్తనం ఎప్పుడూ కొనలేదు. కోత కాలంలో మంచి కంకులు తనే ఏరుతుంది. ఎండబెట్టి, చేత్తో నలిపి, చెరిగి, బూడిద కలిపి, ఎండిన వేపాకు వేసి కుండలో పోస్తుంది. మూతి మీద గుడ్డ కట్టి పేడమట్టితో మెత్తుతుంది. ఏడాదికి ఒక్కసారి చేసే పని. మొదటి నుంచీ చివరి దాకా వీడియో తీద్దామని ముందు రోజు రాత్రే బ్యాటరీ ఫుల్ చార్జింగ్ పెట్టుకుని పోయినాను. కంకులు ఏరడం తీసినాను, చెరగడం తీసినాను. బూడిద ఎంత కలపాలో దోసిలితో కొలిచి చూపించే సమయానికి స్క్రీన్ మీద ఎర్ర గుర్తు వెలిగింది. నిమిషంలో కెమెరా ఆగిపోయింది. రెండో బ్యాటరీ వేస్తే అది అంతకంటే ముందే పడుకుంది.

అవ్వ నా ముఖం చూసి, “ఏం నాయనా, నీ డబ్బాకు కూడు పెట్టకుండా తెచ్చినావా?” అనింది. అందరూ నవ్వినారు, నేనూ నవ్వినాను. కానీ అసలైన భాగం పోయింది. మళ్లీ తీయాలంటే ఇంకో కోత రావాలి.

మన పనిలో వీడియో సరదా కాదు. నేను హిందూపురం నుంచి గానుగ నూనె, చిరుధాన్యాలు అమ్ముతాను. బెంగళూరులో కొనే ఇల్లాలు మా చేను చూసినాకే నమ్మి కొంటుంది. పొరుగు రైతు కూడా అంతే, మాట వింటే తల ఊపుతాడు, చూస్తే చేస్తాడు. డిజిటల్ గ్రీన్ అనే సంస్థ ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది ఇదే. రైతులతోనే చిన్న వీడియోలు తీయించి, బ్యాటరీతో నడిచే చిన్న ప్రొజెక్టర్ మీద ఊళ్లలో చూపించడం. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థతో కూడా ఆ సంస్థ పని చేసింది. అంటే కెమెరా కూడా మనకు ఒక పనిముట్టే. గుంటక పాడైతే బాగు చేసుకోమా? ఇదీ అంతే.

తొట్టికి చిల్లా, కొళాయి కారుతోందా?

ఆ రోజు తర్వాత నేను చేసిన మొదటి తప్పు, ఆలోచించకుండా ఇంకో బ్యాటరీ కొనడం. అదీ తొందరగానే దిగిపోయింది. అప్పుడు ధర్మవరంలో పెళ్లిళ్ల వీడియోలు తీసే ఒక మిత్రుడి దగ్గరికి పోయినాను. పట్టుచీరల ఊరు కదా, ముహూర్తం టైముకు బ్యాటరీ లేదంటే వాళ్లకు కుదరదు. తాళి కట్టడం రెండోసారి కట్టించి తీయలేరు. ఆయన ఒకటే మాట అన్నాడు: “తొట్టిలో నీళ్లు తగ్గితే ముందు తొట్టికి చిల్లు పడిందా, కొళాయి కారుతోందా, లేక నువ్వే ఎక్కువ వాడుతున్నావా తేల్చుకో. ఆ తర్వాత డబ్బు ఖర్చు పెట్టు.”

ఆయన చెప్పిన పరీక్ష ఇది. ఖర్చు లేదు, మూడు రోజులు పడుతుంది. పై వీడియోలో నేను చేసి చూపించింది ఇదే.

మొదటి రోజు: బ్యాటరీ ఫుల్ చార్జ్ చేసి, కెమెరాలో వేయకుండా విడిగా నీడలో పెట్టండి. 24 గంటల తర్వాత కెమెరాలో వేసి చూడండి. ఖాళీగా ఉన్నా బాగా తగ్గినట్టు కనిపిస్తే చిల్లు బ్యాటరీకే ఉంది, లేదంటే చార్జర్ దాన్ని నిండా నింపడం లేదు. మంచి లిథియం అయాన్ బ్యాటరీ ఒక్క రోజులో తనంతట తాను దిగిపోదు. నెలకు కొద్ది శాతమే తగ్గుతుంది.

రెండో రోజు: అదే బ్యాటరీ మళ్లీ ఫుల్ చేసి కెమెరాలో వేయండి. స్విచ్ ఆఫ్ చేసి 24 గంటలు వదిలేయండి. ఇప్పుడు తగ్గితే కొళాయి కారుతోందన్నమాట. కెమెరా ఆఫ్‌లో ఉండి కూడా కరెంటు తాగుతోంది.

మూడో రోజు: రెండింటిలోనూ తగ్గకపోతే, ఫుల్ బ్యాటరీతో వీడియో ఆన్ చేసి ఆగిపోయేదాకా ఎన్ని నిమిషాలు వస్తుందో రాసుకోండి. కెమెరా మాన్యువల్‌లో ఇచ్చిన నిమిషాలతో పోల్చండి. దగ్గరగా ఉంటే కెమెరాలో, బ్యాటరీలో లోపం లేదు. మన వాడకమే ఎక్కువ.

నా విషయంలో రెండు లోపాలు ఒకేసారి దొరికినాయి. అగ్గువగా దొరికిందని కొన్న బ్యాటరీ మొదటి రోజే ఫెయిలు. కంపెనీ బ్యాటరీ మొదటి పరీక్ష పాసైంది, రెండో పరీక్షలో తగ్గింది. ఒక్కటే కారణమని వెతికి ఉంటే ఇప్పటికీ తిరుగుతూ ఉండేవాణ్ని.

ఆఫ్ చేసినా కరెంటు తాగే దొంగలు

నా కెమెరాలో దొంగ బ్లూటూత్. ఫోనుకు ఫొటోలు పంపుకుందామని ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయినాను. చాలా కొత్త మోడళ్లలో స్విచ్ ఆఫ్ చేసినా బ్లూటూత్ ఫోను కోసం వెతుకుతూనే ఉంటుంది. మెనూలోకి పోయి ఆపేయాలి, లేదా ఏరోప్లేన్ మోడ్ పెట్టాలి. జీపీఎస్ కూడా అంతే. కెనాన్ 6డీ లాంటి కెమెరాలో జీపీఎస్ ఆన్‌లో ఉంటే స్విచ్ ఆఫ్ చేసినా అది పని చేస్తూనే ఉంటుంది.

ఇంకో దొంగ మన సంచి. కెమెరా ఆన్‌లో పెట్టి సంచిలో దోపితే, పక్కన ఉన్న కొడవలో నీళ్ల సీసానో బటన్ మీద ఒత్తుతుంది. కెమెరా నిద్రపోయినప్పుడల్లా మళ్లీ లేస్తుంది. మెడలో వేలాడేసుకున్నప్పుడు కూడా జాగ్రత్త. వ్యూఫైండర్ దగ్గర కన్ను వచ్చిందా లేదా అని కనిపెట్టే సెన్సర్ ఉంటుంది. అది చొక్కాకు తగిలితే కన్నే వచ్చిందనుకుని ఆన్ అవుతుంది. అందుకే నడిచేటప్పుడు స్విచ్ ఆఫ్. పది రోజులు వాడకపోతే బ్యాటరీ బయటికి తీసి పెట్టండి.

వాడకంలో ఎక్కువ తినేవి

స్క్రీన్ వెలుగు: మిట్టమధ్యాహ్నం చేనులో ఏమీ కనిపించదని వెలుగు ఫుల్ పెడతాం. సాయంత్రం కూడా అలాగే వదిలేస్తాం. తలకు టవల్ కప్పుకుని చూస్తే మధ్యలో పెట్టినా కనిపిస్తుంది. ఉదయం, సాయంత్రం తీస్తే వెలుతురూ బాగుంటుంది, బ్యాటరీ కూడా మిగులుతుంది.

4కే వీడియో: ఫోనులో చూసే వాళ్లకు ఫుల్ హెచ్‌డీ చాలు. 4కే పెడితే కెమెరా వేడెక్కుతుంది, కార్డూ బ్యాటరీ రెండూ తొందరగా అయిపోతాయి.

వణుకు ఆపే స్టెబిలైజర్: స్టాండు మీద పెట్టినప్పుడు ఆపేయండి. చేత్తో పట్టుకున్నప్పుడే దాని అవసరం.

ఎడతెగని ఫోకస్: మనం ఏమీ తీయకపోయినా లెన్సు అటూ ఇటూ వెతుకుతూనే ఉంటుంది. కదలకుండా కూర్చుని మాట్లాడే మనిషిని తీసేటప్పుడు ఒకసారి ఫోకస్ చేసి లాక్ చేస్తే చాలు.

ఆటో పవర్ ఆఫ్: ఒక నిమిషం పెట్టండి. అరగంట పెట్టుకుంటే రైతుతో మాట్లాడే ప్రతి నిమిషం కెమెరా మేలుకునే ఉంటుంది.

చిన్న బ్యాటరీని తిట్టొద్దు

కొన్ని కెమెరాలకు బ్యాటరీయే చిన్నది. కెనాన్ ఎల్‌పీ-ఈ17 మీద 7.2 వోల్టులు, 1040 ఎంఏహెచ్ అని ఉంటుంది. సోనీ ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50 కూడా 1020 ఎంఏహెచ్. అదే సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 2280 ఎంఏహెచ్, రెండింతలకు పైనే. అరెకరా మడికి సరిపోయే నీళ్లతో రెండెకరాలు పారించలేం కదా. చిన్న బ్యాటరీ కెమెరా ఉంటే లోపం వెతకడం కంటే ఇంకో రెండు మంచి బ్యాటరీలు దగ్గర పెట్టుకోవడం మేలు.

డబ్బా మీద రాసిన సంఖ్య చూసి మోసపోవద్దు. అదే సైజు బ్యాటరీ మీద కంపెనీదానికంటే రెండింతలు ఎంఏహెచ్ రాసి సగం ధరకే ఇస్తున్నారంటే అనుమానించాలి. వయసు తెలుసుకునే వీలు కూడా కొన్ని కెమెరాల్లో ఉంది. నికాన్‌లో చాలా మోడళ్లలో బ్యాటరీ వయసును 0 నుంచి 4 దాకా చూపిస్తుంది. 4 వచ్చిందంటే మార్చాల్సిందే. కెనాన్‌లో కొన్ని మోడళ్లు మూడు గడులతో చూపిస్తాయి. ఎర్ర గడి ఒక్కటే మిగిలితే కొత్తది కొనుక్కోవాలి.

మన ఎండ, మన దుమ్ము

ఎండాకాలంలో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే. కారు డ్యాష్‌బోర్డు మీద, బండి ట్యాంకు కవర్‌లో అయితే ఇంకా ఎక్కువ. లిథియం బ్యాటరీకి వేడి పెద్ద శత్రువు. ఆ రోజుకు దిగిపోవడమే కాదు, శాశ్వతంగా దాని శక్తి తగ్గిపోతుంది. ఫుల్ చార్జ్‌తో వేడిలో పెడితే నష్టం మరీ ఎక్కువ. తెల్ల గుడ్డలో చుట్టి నీడలో పెట్టండి. నెలల తరబడి వాడనప్పుడు సగం చార్జ్‌తో దాచండి. పూర్తిగా సున్నాకు తెచ్చాకే చార్జ్ చేయాలన్నది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట. లిథియం వాటికి అది అవసరం లేదు, మంచిది కూడా కాదు.

జీవామృతం కలిపిన చేత్తో బ్యాటరీ మార్చకండి. రాగి, ఇత్తడి రంగులో కనిపించే ఆ చిన్న పలకల మీద తేమ, దుమ్ము చేరితే కరెంటు సరిగా అందదు, కెమెరా ఖాళీ అని చూపిస్తుంది. పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. జిడ్డు పోకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా దూదికి అద్ది తుడిచి, పూర్తిగా ఆరాకే వేయండి.

పెన్సిల్ సెల్స్‌తో నడిచే పాత కెమెరా ఉన్నవాళ్లు మామూలు సెల్స్ వేయకండి. చార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వేయండి. కొత్తదీ పాతదీ కలిపి వేస్తే పాతది కొత్తదాన్ని కూడా ఈడ్చేస్తుంది.

పొలంలో కరెంటు లేకపోతే పవర్ బ్యాంకు ఆదుకుంటుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకుతో ఎల్‌పీ-ఈ17 సైజు బ్యాటరీని సుమారు మూడుసార్లు నింపవచ్చు. యూఎస్‌బీతో చార్జ్ అయ్యేది మీ కెమెరా మోడలా కాదా అని మాన్యువల్‌లో చూసుకోండి. కాకపోతే యూఎస్‌బీ చార్జర్ విడిగా దొరుకుతుంది.

ఉబ్బిన బ్యాటరీ పొలంలో వద్దు

ఉబ్బిన బ్యాటరీని వాడొద్దు, చార్జ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, మంటలో వేయొద్దు. దిబ్బలో మాత్రం అసలు పారేయొద్దు. మట్టిలో వానపాము బతకాలని రసాయనం మానేసిన మనం, అదే మట్టిలో బ్యాటరీ పూడ్చితే ఏం లాభం? దేశంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారుల మీద ఉంది. పట్టణానికి పోయినప్పుడు ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.

చివరగా అవ్వ సంగతి. పోయిన కోతకు మళ్లీ పోయినాను. పరీక్ష పాసైన బ్యాటరీలు మూడు, పవర్ బ్యాంకు ఒకటి. బ్లూటూత్ ఆఫ్, స్టాండు మీద స్టెబిలైజర్ ఆఫ్. అవ్వకు ఈసారి చూపు కొంచెం మందగించింది, కంకులు కోడలు ఏరి ఇచ్చింది. కానీ బూడిద మాత్రం అవ్వే కొలిచింది, అదే దోసిలితో. పేడమట్టి మెత్తి చెయ్యి కడుక్కున్నదాకా ఒక్క సెకను పోకుండా వచ్చింది. మొదటి బ్యాటరీలో ఇంకా మూడో వంతు మిగిలింది.

“ఈసారి బాగా తినిపించి తెచ్చినావు” అనింది అవ్వ.

ఆ వీడియో వచ్చే వారం పెడతాను. ఈలోగా మీ కెమెరాకు మూడు రోజుల పరీక్ష పెట్టండి. మీ ఊళ్లో కూడా ఒక అవ్వ ఉంటుంది, ఆమె పనికీ ఏడాదికి ఒక్కరోజే ఉంటుంది. ఉంటాను మరి.